మార్జిన్‌లో పెన్సిల్ రాత

మా అక్కకి కోపం రాదని అనుకునేవాళ్ళు ఆమె చేసిన అనువాదాన్ని ఎప్పుడూ చదివి ఉండరు. నాకు కోపం వస్తే వీధి చివరి దాకా వినిపిస్తుంది, అరగంటలో చల్లారిపోతుంది. ఆమెకి వస్తే నోరు మూతపడుతుంది. కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, ఎదురుగా ఉన్న కాగితం మీది ప్రతి గీతనీ రాసిపారేస్తుంది. ఆ రాసినదాన్ని దారంతో కుట్టి, సీలు వేసి, చేతికిచ్చేది నేను. అందుకే ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

మా ఇల్లు ఓడరేవు గేటుకి ఎదురు వీధిలో ఉంది. ముందు గదిలో నా జిరాక్స్ మిషను, బైండింగ్ బల్ల. వెనక గదిలో అక్క. ఇంగ్లీషు కాగితాలని ఫ్రెంచిలోకి మార్చడం ఆమె పని. కోర్టులో ప్రమాణం చేసి ముద్ర తెచ్చుకున్న అనువాదకురాలు. మా ఊళ్ళో ఆ ముద్ర ఇంకెవరి దగ్గరా లేదు. ఆ ప్రమాణం ప్రకారం కాగితం మీద ఉన్నదంతా రాయాలి. అచ్చులో ఉన్నదొక్కటే కాదు, రబ్బరు ముద్రలు, చేతిరాతలు, కొట్టివేతలు, చిరుగులు, అన్నీ. పైగా అసలు కాగితం ఉంటేనే ముట్టుకుంటుంది. 'జిరాక్సులు అనువదించబడవు' అని గోడ మీద బోర్డు కూడా పెట్టింది. జిరాక్స్ షాపులో జిరాక్సు చెల్లదని బోర్డు పెట్టిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది.

ఒకసారి ఒకాయన పెళ్ళి సర్టిఫికెట్ మీద టీ కప్పు అచ్చు పడి ఉంటే, 'గుండ్రటి గోధుమరంగు మరక' అని ఫ్రెంచిలో రాసింది. ఆయన నా బల్ల దగ్గర నిలబడి గోల.

"మరక కూడా రాయాలా మేడమ్?"

"మరక వేసింది మీరు, నేను కాదు," అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

సముద్రం సర్వే పనివాళ్ళ కాగితాలంటే మాత్రం ఆమెకి నిఘంటువు అక్కర్లేదు. ఆ పని మధ్యనే పెరిగింది. అమ్మా నాన్నా ఒకే ఏడు పోయారు. అప్పటికి అక్కకి పదకొండేళ్ళు, నాకు ఆరు. మమ్మల్ని పెంచింది నాన్న తమ్ముడు, మా బాబాయ్. ఆ ఏడే ఆయనకి రేవు సర్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం పేరు లెడ్స్‌మన్. పడవ ముందు భాగాన నిలబడి, సీసపు గుండు కట్టిన తాడుని నీళ్ళలోకి విసిరి, తాడు మీది గుర్తులు చూసి లోతెంతో అరిచి చెప్పాలి. ఓడలు వచ్చే దారిలో ఎక్కడ ఇసుక మేట వేసిందో వాళ్ళు చెప్పకపోతే ఓడ అడుగు నేలకి తగులుతుంది.

సెలవుల్లో అక్కని పడవ ఎక్కించుకునేవాడు. ఆయన అరిస్తే అక్క పుస్తకంలో రాసేది. ఒకరోజు ఆయన ఏడు మీటర్ల ముప్పై అని అరిస్తే, అంతకు ముందువన్నీ ఏడున్నరలే ఉన్నాయని, వరస చెడిపోకుండా అక్క ఇక్కడా ఏడున్నర వేసేసింది. సాయంత్రం బాబాయ్ ఆ అంకె పట్టుకున్నాడు. పడవని అంత దూరం వెనక్కి తిప్పించి, మళ్ళీ గుండు విసిరాడు. ఏడు మీటర్ల ముప్పైయే.

"కనపడిందే రాయి తల్లీ. అందంగా ఉండేది రాయకు. నువ్వు కలిపిన ఇరవై సెంటీమీటర్ల మీదికే ఓ ఓడ వస్తుంది," అన్నాడు.

తిట్టలేదు, కొట్టలేదు. అయినా అక్క రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఆ మాట ఆమెలో ఎంత లోతుకి దిగిందో బాబాయ్‌కి అప్పుడు తెలియదు. తెలిసేసరికి ముప్పైమూడేళ్ళు పట్టింది.

ఈలోగా తాడూ గుండూ పోయి, శబ్దం పంపి లోతు పట్టుకునే యంత్రాలు వచ్చాయి. బాబాయ్ ఆ యంత్రం నేర్చుకున్నాడు. రోజూ పొద్దున్నే పడవ కింద గొలుసుతో ఓ ఇనప పలకని దించి, గొలుసు మీది గుర్తూ యంత్రం చూపించే అంకే ఒకటేనా అని చూడాలి. తేడా ఉంటే సరిచెయ్యాలి. ఆటుపోట్ల లెక్క తీసెయ్యాలి. తయారైన లోతుల పటాన్ని పాత పటంతో అంకె అంకె పోల్చాలి. ఇదంతా బాబాయే చేశాడు. డిగ్రీలు పట్టుకుని వచ్చిన సర్వేయర్లు తొమ్మిది మంది ఆయన దగ్గర పని నేర్చుకుని పైకి వెళ్ళారు. ఆయన మాత్రం లెడ్స్‌మనే. పేరు మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. "చూద్దాం" అన్నారు. మూడోసారి అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది, ఆఫీసు మీద సగం, ఆయన మీద సగం.

ఆ ఆఫీసుకి పెద్ద చీఫ్ సర్వేయరు. పడవవాళ్ళు ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. పద్నాలుగేళ్ళలో ఆయన చొక్కా మీద ఒక్క ఉప్పునీటి చుక్క పడలేదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుందట. బాబాయ్ సరిచూసిన పటాల మీద 'సరిచూసినవారు' అన్న గడిలో సిరాతో సంతకం పెట్టేది మాత్రం ఆయనే. దానికి ముందు బాబాయ్ చేత మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయించేవాడు, 'సరిచూశాను, లెడ్స్‌మన్' అని, తేదీ వేసి, పొట్టి సంతకంతో. ఎప్పుడైనా ఓడ నేలకి తగిలితే చూపించడానికి ఒక మనిషి కావాలి కదా! పేరొచ్చే చోట సిరా, నింద పడే చోట పెన్సిల్.

పోయిన ఏడు ఆ సర్వే ఆఫీసుని బయటి దేశపు కంపెనీ ఒకటి తీసుకుంది. వాళ్ళ వ్యవహారమంతా ఫ్రెంచిలో. ఆఫీసులో ఉన్న ఇరవై ఎనిమిది ఉద్యోగాల జాబితాని, ఎవరి పని ఏమిటో రాసి, ముద్ర ఉన్న అనువాదంతో పంపమన్నారు. తమ దగ్గర లేని ఉద్యోగాలని మూసేస్తామని ఆ ఉత్తరంలోనే ఉంది. జాబితా తయారు చేసింది ఇస్త్రీ సారు. మొదటి వరసలో తన పేరు పక్కన 'లోతుల తనిఖీ, యంత్రాల సరిచూత, పటాల ఆమోదం' అని రాసుకున్నాడు. పంతొమ్మిదో వరసలో 'లెడ్స్‌మన్, ఒక్కరు. పని: తాడు, సీసపు గుండుతో లోతు కొలుచుట'.

ఆ వరస దగ్గర అక్క చాలాసేపు ఆగింది. నేను వెనకే నిలబడి చదివాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇరవై రెండేళ్ళుగా ఆ తాడు ముట్టుకున్నవాడే లేడు! వీడి మొహం మండ! ఇలా వెళ్తే బాబాయ్ ఉద్యోగం ఊడినట్టే కదే!"

"ఊడినట్టే," అంది అక్క.

"ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఏం చేస్తావు?"

"అనువాదం చేస్తాను."

ఆ సాయంత్రమే బాబాయ్ వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మా ఇంట్లో ఆయన అలా పరాయివాడిలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. జాబితా సంగతి ఆఫీసులో అందరికీ తెలిసిపోయిందట.

"తల్లీ, ఆ ఫ్రెంచి మాట కొంచెం... ఒక్క మెట్టు పైకి రాస్తే ఎవరికి తెలుస్తుంది? సర్వే టెక్నీషియన్ అనో ఏదో. అబద్ధం కాదుగా. నేను చేసేది ఆ పనే."

"నువ్వు చేసేది ఆ పనే బాబాయ్. కాగితం మీద అది లేదు."

"ఒక్క మాటే కదమ్మా."

"ఇరవై సెంటీమీటర్లే," అంది అక్క.

బాబాయ్ మొహం నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పిన్ని, అంటే బాబాయ్ భార్య, వచ్చి నా షాపులో ముగ్గురు గిరాకీల ముందే దులిపేసింది.

"జడలేసి, జ్వరాలొస్తే పక్కనే కూర్చుని పెంచాను మీ ఇద్దర్నీ. ఇవాళ ఒక్క మాట రాయడానికి దీని చెయ్యి పడిపోయిందా? ఇంత చదువు చదివించింది ఇందుకేనా? మా గడప తొక్కకండి ఇంక!"

నేను పిన్ని వైపే. దాచుకోవడం ఎందుకు? ఆమె వెళ్ళాక వెనక గదిలోకి వెళ్ళి నేనూ అందుకున్నాను. రాయిలాంటి మనిషివన్నాను, ఆ ముద్ర నీకు ఎక్కువా, మనల్ని పెంచినవాడు ఎక్కువా అన్నాను. అక్క అంతా విని, ఒక్కటే అడిగింది.

"నేను రాశాననుకో. అనువాదం చేసింది ఎవరని వాళ్ళు అడగరా? ఆ మనిషికి ఈమె ఏమవుతుందని అడగరా? తర్వాత మిగతా కాగితాల్లో ఏది నమ్ముతారు?"

ఆమె చెప్పింది నిజమని తెలిసి కోపం ఇంకా పెరిగింది. పంతొమ్మిదో వరసకి ఆమె 'సోందర్' అని రాసింది. తాడు వేసి లోతు కొలిచేవాడని అర్థం. పని వివరం కూడా ఉన్నదున్నట్టే, తాడుతో, గుండుతో సహా. రెండు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ అది ఎంత కష్టమో నాలాంటి వాగుడుకాయకే తెలుస్తుంది.

జాబితాతో పాటు ఆఫీసు పనితనం చూపించడానికి గత రెండేళ్ళ పటాలు కూడా అనువాదంతో పంపమంది కంపెనీ. మూడో రోజు ఇస్త్రీ సారు నలభై పటాల జిరాక్సులు పట్టుకుని స్వయంగా వచ్చాడు. నేను గోడ మీది బోర్డు చూపించాను. మొహం మాడ్చుకుని వెళ్ళి, మధ్యాహ్నానికి అసలు పటాలు తెచ్చాడు. అక్క మొదటి పటం విప్పి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, మార్జిన్ మీద వేలు పెట్టింది.

"ఇక్కడ పెన్సిల్ రాత ఉంది."

"అవి లెక్కలోకి రావు మేడమ్. కింద పనివాళ్ళు ఏదో గీకుతుంటారు. వదిలెయ్యండి."

"కాగితం మీద ఉన్నదంతా రాయాలండి. ప్రమాణం."

ఆయన పటాన్ని మళ్ళీ చుట్టేశాడు. తర్వాత ఒక పటం పోల్చి చూసుకోవాలని, రేపు పంపుతానని కట్ట మొత్తం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అక్క ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు కట్ట తిరిగొచ్చింది. నా బల్ల మీద విప్పాను. పటాల మధ్య నుంచి సన్నటి నల్లటి పొట్టు రాలింది. వేలితో నలిపి చూశాను. రబ్బరు పొట్టు.

నేను అరిచిన అరుపుకి అక్క లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. పటాలు ఒక్కొక్కటే తిప్పాం. మొదటి పన్నెండింటి మీద మార్జిన్‌లో ఏమీ లేదు. పదమూడో దాని నుంచి అన్నీ ఉన్నాయి. పన్నెండు చెరిపేసరికే దొరగారికి చెయ్యి నొప్పెట్టినట్టుంది. అలవాటు లేని పని కదా! లేదా పైపైన నాలుగు చూసి ఊరుకుంటుందిలే అనుకున్నాడేమో. ఒక మనిషి ముప్పైమూడేళ్ళు చేసిన పనిని కూర్చున్న చోట రబ్బరుతో చెరిపేసి, ఆ పొట్టు దులిపే ఓపిక కూడా లేకుండా పంపించాడు. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. మొదటి పటాన్ని వెనక్కి తిప్పి కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. కాగితం వెనక వైపు అక్షరాలు ఉబ్బి తగిలాయి. ఊగే పడవలో రాసి రాసి బాబాయ్‌కి పెన్సిల్ నొక్కిపట్టి రాయడం అలవాటు. ఒడ్డున రాసినా అంతే. ఎంత రబ్బరు పెట్టినా ఆ నొక్కు పోదు. పటాన్ని కిటికీకి అడ్డంగా, వెలుతురు పక్క నుంచి పడేలా పెడితే ప్రతి అక్షరం చదవొచ్చు.

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమెకి కోపం వచ్చిందని అప్పుడు అర్థమయింది.

అయిదు రోజులు కూర్చుంది. రాత మిగిలిన ఇరవై ఎనిమిది పటాలకి: 'కుడి మార్జిన్‌లో పెన్సిల్ చేతిరాత: సరిచూశాను, లెడ్స్‌మన్', తేదీ. దాని కింద బాబాయ్ రాసుకున్నవన్నీ: 'నాలుగో లైను అనుమానం, మళ్ళీ వెళ్ళి కొలిచాను.' 'పలక దించితే యంత్రం పన్నెండు సెంటీమీటర్లు తప్పు చూపింది, సరిచేశాను.' 'ఇక్కడ కొత్త మేట, ఓడలవాళ్ళకి చెప్పాలి.' మిగిలిన పన్నెండింటికి: 'కుడి మార్జిన్‌లో పెన్సిల్ రాత రబ్బరుతో చెరిపిన గుర్తులు. కాగితం మీద మిగిలిన నొక్కును బట్టి చదవగలిగినది:' అని పెట్టి, అదే వాక్యం. ప్రతిచోటా లెడ్స్‌మన్ అన్నదానికి జాబితాలో రాసిన మాటే, సోందర్. ఒక్క మెట్టు పైకి లేదు, ఒక్క మెట్టు కిందికి లేదు. తాడు వేసేవాడని జాబితా చెబుతున్న మనిషి, పటాన్ని సరిచూశానని నలభై చోట్ల చెబుతున్నాడు.

అదంతా కుడుతున్నప్పుడు నా సూది వేలిలో రెండుసార్లు దిగింది. నేను పట్టించుకోలేదు. ఆమెతో మాటలు మొదలుపెట్టాను కూడా.

"ముందే అనుకున్నావా ఇదంతా? అందుకే ఆ రోజు ఆయన్ని ఆపలేదా?"

"ఏదంతా? కాగితం మీద ఉన్నది రాశాను," అంది.

ఇస్త్రీ సారుకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. మొదటి పేజీలో తన హోదా, అడుగున ముద్ర చూసుకుని, బాగుందని మెచ్చుకుని, రసీదు మీద సంతకం పెట్టి పట్టుకెళ్ళాడు. ఆ సంతకం చూస్తూ నేను నవ్వు ఆపుకోవడానికి మిషను కింద కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

మూడు వారాలకి కంపెనీ నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. ఆ రోజు ఏం జరిగిందో సర్వే పడవ డ్రైవరు నా షాపుకొచ్చి నిలువుకాళ్ళ మీద చెప్పాడు.

"ఆఫీసులో కూర్చోనే లేదమ్మా ఆవిడ. తిన్నగా జెట్టీకొచ్చి, పొద్దున్నే పలక దించి యంత్రం సరిచూడాలి కదా, కానివ్వండి అంది. ఇస్త్రీ సారేమో కుర్రాడికి చెప్తా అన్నాడు. కాదు, జాబితాలో ఆ పని మీది, మీరే చెయ్యండి అంది. ఆయన పడవలో కాలు పెట్టి, గొలుసు ఏ వైపు నుంచి దించాలో తెలీక దిక్కులు చూశాడు. అప్పుడావిడ కాగితం తీసి, ఈ సోందర్ ఎవరు అని అడిగింది. మేమంతా ఒకేసారి మీ బాబాయ్ వైపు చూశాం."

"చేశాడా?"

"ఆయనకి చెప్పాలా? పది నిమిషాల్లో పలక దించి, తేడా చెప్పి, సరిచేసి, గొలుసు చుట్టేశాడు. ఆవిడ వాచీ చూసుకుంది."

ఆ మధ్యాహ్నమే ఇస్త్రీ సారు ఊడిపడ్డాడు. మొదటిసారి ఆ చొక్కా నలిగి ఉండటం చూశాను.

"మీ బాబాయ్ కోసం నా నెత్తి మీదికి తెచ్చారు! మీ ముద్ర రద్దు చేయిస్తాను. కోర్టుకెక్కుతాను!"

అక్క వెనక గదిలోంచి తన దగ్గరున్న అనువాదం నకలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇందులో నేను కలిపిన మాట ఒక్కటి చూపించండి. కోర్టుకి నేనే వస్తాను. ఆ పన్నెండు పటాలు మాత్రం మీరే పట్టుకురండి."

ఆయన నకలుని పక్కకి తోసేశాడు. ఆ రబ్బరు పొట్టుని నేను ఒక కవరులో వేసి దాచాను. తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదీ మీదే సార్. మా బల్ల మీద మర్చిపోయారు."

ఆయన ఉద్యోగం పోలేదు. అలాంటివాళ్ళది పోదు. పడవలతో పనిలేని వేరే శాఖకి మార్చారు, అక్కడ కూడా ఏసీ గదే ఇచ్చారు. దాని గురించి నా కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. పంతొమ్మిదో వరసని కంపెనీ మూసేసింది. దాని బదులు కొత్త వరస ఒకటి తెరిచి, లోతుల తనిఖీ అధికారి అని పేరు పెట్టి, బాబాయ్‌ని అందులో వేసింది. ముప్పైమూడేళ్ళు ఇవ్వని పేరు ఒక్క వారంలో ఇచ్చారు. పోయిన ఏళ్ళని మాత్రం ఎవరూ వెనక్కి తెచ్చి ఇవ్వలేదు.

అయినా బాబాయ్ మా ఇంటికి రాలేదు. పిన్ని వచ్చింది, కళ్ళు తుడుచుకుంది, అక్క తల నిమిరింది. ఆయన మాత్రం రాలేదు. అక్క అడగలేదు కానీ, సాయంత్రం ఆఫీసు వదిలి గేటు దగ్గర సైరన్ మోగే వేళకి రోజూ ముందు గదిలోకి వచ్చి ఏదో వెతికేది.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న వచ్చాడు. చేతిలో చుట్టిన పటం. కొత్త కంపెనీ కింద ఆయన సరిచూసిన మొదటి పటం.

"రేపు ఇవ్వాలి. ఓసారి చూస్తావా తల్లీ?" అన్నాడు, నేల చూస్తూ.

అక్క బల్ల మీద పరిచింది. కింద 'సరిచూసినవారు' అన్న గడి, పక్కన అచ్చులో బాబాయ్ పూర్తి పేరు, కొత్త హోదా. గడి ఖాళీగా ఉంది. పైన, కుడి మార్జిన్‌లో, మూలకి ఒదిగి, పెన్సిల్‌తో: 'సరిచూశాను, లెడ్స్‌మన్'.

మా అక్క అరవడం నేను జీవితంలో ఆ ఒక్కసారే విన్నాను.

"గడి ఇచ్చారు బాబాయ్! నీ కోసం గడి ఇచ్చారు! ఇంకా ఆ మూలన ఎందుకు రాస్తావు? ఎవరికి భయపడి రాస్తావు?"

"చెయ్యి అలా వెళ్ళిపోయిందే," అన్నాడు బాబాయ్.

అక్క పెన్ను మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గడి మీదికి వంగి, నొక్కి పట్టి, తన పేరు మొత్తం రాశాడు. అది రాయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నా బల్ల మీది రబ్బరు తీసుకుని మార్జిన్ వైపు వంగాడు.

అక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, రబ్బరు లాక్కుని తన కొంగులో ముడేసుకుంది.